నాతప్పు మాస్టారు

మా మాస్టారికి ఒకటే జబ్బు: ఎక్కడ ఏం పాడైనా అది తన తప్పేనని ఒప్పేసుకుంటారు. క్యాంటీన్‌లో టీ చల్లారితే "నా తప్పే, ఆలస్యంగా వచ్చాను" అంటారు. వాన పడితే "నా తప్పే, గొడుగు మరిచొచ్చాను" అంటారు. ర్యాలీ డ్రైవింగ్ స్కూల్లో అందరం ఆయన్ని నాతప్పు మాస్టారనే పిలిచేవాళ్లం. ఆయన పలికేవారు కూడాను.

ర్యాలీ అంటే మట్టిరోడ్ల మీద కార్ల పందెం. అందులో కారు నడిపేవాడి పక్కన ఒకరు కూర్చుని, రాబోయే మలుపులు పుస్తకంలో చూసి చదువుతారు. వినడం, తిప్పడం, అంతే మన పని. "బావకి స్కూటరే ఎక్కువ" అని బావమరిది అన్న పాపానికి, నలభై ఆరేళ్ల వయసులో నేను ఆ స్కూల్లో చేరాను. మొదటి రోజు మా ఆవిడ, ఆ తమ్ముణ్ణి వెంటేసుకుని, చూడ్డానికి వచ్చింది. మాస్టారు గంట కొట్టినట్టు "ఎడమ, పెద్ద మలుపు" అని చదివారు. నేను కుడికి తిప్పాను. కారు కంకర మీద జర్రున జారి, పాత టైర్ల వరసని పడగొట్టి, బురదగుంటలో ముక్కు పెట్టింది.

దుమ్ము అణగకముందే మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశారు. "నా తప్పండీ! ఎడమ అనబోయి కుడి అనేశాను!"

"పాపం బావ! చెప్పినట్టే తిప్పాడు" అన్నాడు బావమరిది.

నేనూ పాపం మొహమే పెట్టాను. ఏం చేయను, ఆవిడ చూస్తోంది! సాయంత్రం ప్రమాదాల కాగితం మీద మాస్టారు గుండ్రటి అక్షరాలతో 'తప్పు నాది' అని రాసి సంతకం చేస్తుంటే, నేను బూట్ల బురద గీక్కుంటూ కూర్చున్నాను.

నెల తిరక్కుండా బీమావాళ్లు ఆ కాగితాలన్నీ ముందేసుకున్నారు. పదకొండేళ్లలో నూట నలభై ప్రమాదాలు. అన్నింటికీ దోషి ఒక్కడే. ఈ మనిషి ఉంటే మీ స్కూలుకి బీమా లేదన్నారు. ఆ శనివారంతో మాస్టారి ఉద్యోగం ఆఖరు.

వినగానే మేనేజరమ్మ గదికి పరుగెత్తాను. "మేడమ్, ఆయన ఎడమనే చెప్పారు. తప్పు తిప్పింది నేను."

"పొద్దుటినుంచి ఈ మాట చెప్పినవాళ్లలో మీరు తొమ్మిదోవారు" అందావిడ. "బీమావాళ్లకి ఫోన్ చేశాను. సంతకం ఎవరిదని అడిగారు. ఆ రోజే నోరు విప్పి ఉండొచ్చుగా?"

బయటికి నడిచాను.

గేటు బయట మాస్టారు హెల్మెట్ సంచి పట్టుకుని బస్సు కోసం నిలబడి ఉన్నారు. బతిమాలి నా కారెక్కించుకున్నాను.

"ఎందుకు మాస్టారూ, అందరి తప్పులూ నెత్తినేసుకున్నారు?"

"మొదట మా అబ్బాయికి నేర్పాను బాబూ. వాడు కారుని గుంటలో దింపిన రోజు, పదిమందిలో, నీ తప్పే అన్నాను. నిజమే, వాడి తప్పే. మళ్లీ వాడు స్టీరింగ్ ముట్టుకోలేదు. నాతో మాటలూ తగ్గించేశాడు." ఒళ్లోని హెల్మెట్ సంచి సర్దుకున్నారు. "భయం పోయేదాకా ఆ తప్పుని ఎవరో ఒకరు మోయాలి. నేనెలాగూ పక్కన ఖాళీగానే కూర్చుంటాను కదా."

క్షమించమని అడగబోయాను. ఇంతలో మలుపు, వాననీళ్లు, కంకర. కారు వెనకభాగం జారింది. నా చేతులు వాటంతటవే సర్దాయి. కారు నిలదొక్కుకుంది.

మాస్టారు నా వైపు పూర్తిగా తిరిగారు. "భయం పోయినట్టుందే!"

"పోయింది మాస్టారూ."

"అయితే విను, వెధవాయ్! ఆ రోజు ఎడమ, ఎడమ అని గొంతు చించుకున్నానా లేదా? అన్నం తినే చెయ్యేదో, తినని చెయ్యేదో తెలీదా నీకు?"

ఇక ఆగలేదు. పదకొండేళ్లుగా మింగినవన్నీ, మిగతా నూట ముప్పైతొమ్మిది ప్రమాదాలవీ కలిపి, నాకే వడ్డించారు. మొహం వెలిగిపోతోంది. ఆయన ఇల్లొచ్చింది, తిట్లు మాత్రం సగంలోనే ఉన్నాయి. నేను కారు ఆపకుండా వీధి చుట్టూ ఇంకోసారి తిప్పాను.