చెయ్యెత్తారా, లేచి నిలబడ్డారా

ఎలీసమ్మది దేన్నీ సగం తెలుసుకుని ఊరుకునే స్వభావం కాదు. అద్దంకి దగ్గర పల్లెలో పత్తి తీతకు వెళ్లే మనిషి. రేడియోలోకి మాట ఎలా దూరుతుందని అడిగి అడిగి, ఒకసారి రేడియోలు బాగుచేసే మాబు సాహెబ్ చేత దుకాణంలోనే దాని మూత విప్పించింది.

ఎనభయ్యో సంవత్సరం మొదట్లో పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. పోయిన సభలో మతస్వేచ్ఛ బిల్లు ఒకటి పెట్టారని, బలవంతాన గానీ ఆశ చూపి గానీ మతం మారిస్తే జైలని అందులో ఉందని చర్చిలో పాస్టరు గారు చెప్పారు. ఆ మాట ఎలీసమ్మను పట్టుకుంది. పెళ్లికి ముందు ఆమె ఎల్లమ్మ. బాప్తిస్మం నాడు అత్తగారు కొత్త చీర పెట్టింది. అదీ ఆశ చూపడమే అవుతుందా అని అడిగితే, పాస్టరు గారు నవ్వేసి ఊరుకున్నారు.

పాత ఎంపీ రామాంజనేయులు గారు మళ్లీ నిలబడ్డారు. ఆయన జీపు పేటలోకి వచ్చి, ఆ బిల్లుకు వ్యతిరేకంగా ఓటేసిన నాయకుడని మైకులో చెప్పింది. మధ్యాహ్నం అవతలి పార్టీ జీపు వచ్చి, ఓటింగు నాడు ఆయన ఢిల్లీలోనే లేడంది. చేలో పక్క సాలులో పత్తి తీస్తున్న గురవమ్మ, ఎవరి మాట నమ్మితే నీకేంటే అంది. భర్త యేసుపాదం మాత్రం పాతాయన మనవైపు మనిషని తేల్చేశాడు. ఎలీసమ్మకు తేలలేదు. అసలు అక్కడ ఓటెలా వేస్తారో తెలిస్తే ఎవరిది నిజమో తెలిసిపోతుందనుకుంది.

కొత్త సంవత్సరం ఆరాధనకు రామాంజనేయులు గారే కేకు పట్టుకుని వచ్చారు. ప్రార్థన అయ్యాక వసారాలో అందరికీ దణ్ణాలు పెడుతుంటే ఆమె ముందుకెళ్లింది.

"అయ్యా, ఆ బిల్లుకు ఓటేసేటప్పుడు తమరు చెయ్యెత్తారా, లేచి నిలబడ్డారా?"

పక్కనున్న కార్యకర్త, లేచి నిలబడే వేశారని అందుకోబోయాడు. ఆయన అతన్ని ఆపి, ఎలీసమ్మ మొహంలోకి చూశారు. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"అది ఓటింగుదాకా రాలేదమ్మా," అన్నారు. "ఈలోపే సభ రద్దయింది. బిల్లూ దాంతోనే పోయింది."

కార్యకర్త చెప్పుల వంక చూస్తున్నాడు.

"మరి వచ్చుంటే?"

"పార్టీ ఎటు చెప్తే అటు వెయ్యాలి."

"అది కాదయ్యా. తమరి మనసులో ఎటుంది?"

"నేనా కాగితం పూర్తిగా చదవలేదమ్మా," అన్నారు ఆయన, గొంతు తగ్గించి.

పాస్టరు గారు చప్పున కేకు కొయ్యడానికి పిలిచారు.

ఇంటికి పోతుంటే, పెద్దమనిషిని నలుగురిలో నిలదీశావని యేసుపాదం కోప్పడ్డాడు. తను నిలదియ్యలేదనీ అడిగిందనీ, రెండు జీపులూ చెప్పని నిజం ఆయన చెప్పాడనీ ఎలీసమ్మ అంది. ఆ మాటకు ఆయనంటే కాస్త ఇష్టం కూడా కలిగింది. ఓటు ఎవరికి వేసిందో మాత్రం ఇంట్లో చెప్పలేదు. ఆయన గెలిచారు.

నాలుగైదేళ్లకు చర్చి స్త్రీల సమాజం వాళ్లను జయకుమారి టీచరు హైదరాబాదు తీసుకెళ్లి అసెంబ్లీ చూపించింది. పైన గ్యాలరీలో కూర్చున్నారు. అనుకూలమైనవాళ్లు అవుననండి అన్నారు అధ్యక్షస్థానంలో ఉన్నాయన. కింద ఒక్కసారిగా రొద. కాదనేవాళ్లు అన్నారు. ఇంకో రొద. బిల్లు పాసైపోయిందన్నారు. ఎలీసమ్మ ముందుకు వంగి ఎంత చూసినా, ఎవరి నోట ఏ మాట వచ్చిందో అంతుపట్టలేదు.

బయటికొచ్చాక గేటు దగ్గర జవానును పట్టుకుంది. మూజువాణి ఓటంటే అంతేనని, ఎవరైనా సభ్యుడు గట్టిగా పట్టుబడితేనే ఎవరు ఎటో లెక్క తీస్తారని అతను చెప్పాడు.

బస్సు హారన్ కొడుతోంది. జయకుమారి టీచరు చెయ్యూపి పిలుస్తోంది. లోపలివాళ్లే పట్టుబట్టాలా, బయటివాళ్లు పట్టుబడితే కుదరదా అని ఎలీసమ్మ ఇంకా అతన్ని అడుగుతూనే ఉంది.