ఏడాదికొక్క రోజు చాలదన్న మేడమ్

మేడమ్ పోయారని మొన్న ఆదివారం పొద్దున వాళ్ల తమ్ముడు కర్నూలు నుంచి ఫోన్ చేసి చెప్పాడు. ఆమె జబ్బు సంగతి నాకు ముందే తెలుసు.

కడపలో మాది చిన్న కంపెనీ. ఆసుపత్రుల రికార్డులను క్లౌడ్‌లో భద్రపరుస్తాం. ఆ భద్రత చూసేది మేడమ్. కోయిలకుంట్ల రైతుబిడ్డ. కుర్చీలో బాసింపట్టు వేసుకుని, పక్కన మజ్జిగ పెట్టుకుని పనిచేసేవారు.

అప్పట్లో ఆ భద్రతను పరీక్షించే ఆడిటర్లు ఏడాదికొకసారి వచ్చేవారు. వారం ముందునుంచి అన్నీ సర్దేవాళ్లం. అంతా భద్రమేనన్న సర్టిఫికెట్ గోడకెక్కేది.

"ఆ ఒక్క దినం బాగుంటే సాలా? మిగతా దినాలు ఎట్లుండామో ఎవరు సూడల్ల?" అనేవారు మేడమ్.

రెండేళ్లు కష్టపడి, గంటగంటకూ మా సర్వర్లను తనిఖీ చేసే ప్రోగ్రాం రాశారు. తేడా వస్తే సర్టిఫికెట్ దానంతటదే నిలిచిపోతుంది. ఆ సంగతి ఆసుపత్రులకూ కనిపిస్తుంది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థను ఒప్పించడానికి ఎన్నిసార్లు బెంగళూరు బస్సెక్కారో!

ఆ ప్రోగ్రాం మొదలైన మూడో వారంలోనే నా పొరపాటు దొరికింది. పరీక్ష కోసం రోగుల రికార్డుల నకలు ఒకటి తెరిచి, మళ్లీ తాళం వేయడం మరిచాను. సర్టిఫికెట్ నిలిచిపోయింది. ఆ మధ్యాహ్నమే బద్వేలు డాక్టరమ్మ ఒకామె, తన ఆసుపత్రి రికార్డులు మాకప్పగించే ఒప్పందం మీద సంతకానికి వస్తోంది.

"రెండు గంటలు ఆ ప్రోగ్రాం ఆపి, సర్టిఫికెట్ ఉన్నట్టే చూపించండి మేడమ్. సంతకమైనాక పెట్టుకుందాం" అన్నాడు ఓనరు.

"ఆపేదుంటే దాన్ని రాసింది ఎందుకప్పా?"

నాచేత తాళం వేయించారు. బయటివాళ్లెవరైనా ఆ నకలు చూశారేమోనని సర్వర్‌లోని జాడలన్నీ వెతికారు. ఎవరూ చూడలేదు. డాక్టరమ్మ రాగానే జరిగింది చెప్పారు.

"ఎవరు చేసినారు?" అందావిడ.

"మేమే" అన్నారు మేడమ్. నావైపు చూడనైనా లేదు.

డాక్టరమ్మ సంతకం చేయకుండానే వెళ్లిపోయింది. నేను మేడమ్ ముందు తలొంచుకుని నిలబడ్డాను.

"తాళమేసినావు గదా, ఇంగ అన్నానికి పో" అన్నారు.

ఓనరు వారంపాటు మేడమ్‌తో మాట్లాడలేదు. పదిరోజులకు డాక్టరమ్మే ఫోన్ చేసింది. "దాసిపెట్టకుండా సెప్పేవాళ్లే మాకు కావల్ల" అంది. ఇప్పటికీ మాతోనే ఉంది. మేడమ్ చేసిన పని ఇప్పుడు నేను చూస్తున్నాను.

పోయిన నెల ఆసుపత్రిలో ఉన్న మేడమ్‌ను చూడటానికి వెళ్లాను. వార్డులో కంప్యూటర్ తెరుచుకోక నర్సమ్మ అవస్థ పడుతోంది. మేడమ్ మంచం మీదినుంచే దారి చెబుతున్నారు.

"ఈడ నొక్కమ్మా. ఆఁ, ఇంగ కొత్త పాస్‌వర్డ్ కొట్టుకో."

ఆ మాట అని, సెలైను ఎక్కుతున్న చేతిని జాగ్రత్తగా పట్టుకుని, గోడవైపు తిరిగారు. నర్సమ్మ పాస్‌వర్డ్ కొట్టడం అయ్యేదాకా అటే తిరిగి ఉన్నారు.