కామాక్కయ్య ఖాళీ కప్పు

కామాక్కయ్య కాఫీ మానేసింది గానీ కాఫీ టైము మాత్రం మానలేదు. ఆవిడ గురించి ఇంతకుమించి తెలియకపోయినా పరవాలేదు, మనిషంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. రోజూ పదకొండు కొట్టగానే ఎర్ర పెన్నుకి మూత పెట్టి, కళ్ళజోడు నెత్తిమీదికి తోసి, ఖాళీ కప్పు పట్టుకుని వరండా చివర బల్ల మీద కూర్చునేది. కప్పులో చుక్క ఉండేది కాదు. అయినా ఊదేది. ఊది, చప్పరించి, "ఇవాళ కాస్త నీళ్ళగా ఉంది" అనేది. పావుగంట అయ్యాక వెళ్ళి కప్పు కడిగి బోర్లించేది. ఏమీ పొయ్యని కప్పు కడగడం దేనికక్కా అంటే, "తాగిన కప్పు కడక్కుండా వదిలేస్తారా ఎవరైనా? మా అమ్మ నన్నలా పెంచలేదు" అనేది.

పాతికేళ్ళుగా ఆవిడ ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. వాక్యంలో కామా తప్పిపోతే సంతలో పిల్ల తప్పిపోయినంత గాభరా పడుతుందని కంపోజింగ్ గదివాళ్ళు పెట్టిన పేరు కామాక్కయ్య. ఆవిడకి ఎదురుగా కూర్చుని మూలప్రతిని పైకి చదివే ఆయన గొంతయ్య. ఆయన చదవాలి, ఆవిడ దిద్దాలి. కామాలు, ఫుల్‌స్టాపులు కూడా పైకే చదవాలి. ఇరవై ఏళ్ళు అలా చదివీ చదివీ ఆయనకి ఇంట్లో కూడా అదే అలవాటైంది.

"కూరలో ఉప్పు తక్కువైంది కామా అయినా బాగుంది ఫుల్‌స్టాప్" అన్నాడొకనాడు భార్యతో.

"ఆ బాగుంది పక్కన ఆశ్చర్యార్థకం ఎవరు పెడతారయ్యా, మీ అమ్మా?" అందావిడ.

గొంతయ్య భార్య కూడా అదే ప్రెస్సులో, ప్రూఫ్ గదికి ఎదురుగా, గాజు తలుపు వెనక మడతల గదిలో పనిచేసేది. అచ్చయిన పెద్ద కాగితాల్ని పుస్తకం పేజీలుగా మడవడం పని. పద్నాలుగు మంది ఆడవాళ్ళు. తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా నిలబడే మడవాలి. అందరూ రోజువారీ మనుషులు, రేపు రావద్దంటే రాకూడనివాళ్ళు. వాళ్ళకి పదకొండింటి విరామం లేదు. ఎందుకు లేదంటే అది కాఫీ విరామం, వాళ్ళకి కాఫీ ఇవ్వరు గనక. కాఫీ ఎందుకు ఇవ్వరంటే వాళ్ళకి విరామం లేదు గనక. కూర్చుని రూళ్ళు రాసేవాళ్ళ తర్కం ఇంత గుండ్రంగా ఉంటుంది. నిలబడ్డవాళ్ళు చెయ్యి ఆనించుకోవడానికి ఒక్క మూల కూడా దొరకదు అందులో.

సాయంత్రానికి గొంతయ్య భార్య పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. "పావుగంట కూర్చోనిస్తే చాలు, మీ మేనేజరుని ఒక్కమాట అడగరాదూ" అనేది. "రేపు అడుగుతాలే" అనేవాడు. గొంతెత్తి చదవగలడు గానీ గొంతెత్తి అడగలేడు ఆయన. మేనేజరు ఎదురైతే "నమస్కారం కామా సర్ ఫుల్‌స్టాప్" అని గోడవారగా తప్పుకునేవాడు.

కామాక్కయ్య కాఫీ మానేసిందంటే మొదట ఎవరూ నమ్మలేదు. రోజుకి ఏడు కప్పులు లాగించే మనిషి. ఆవిడ చూసిన ప్రతి ప్రూఫు మీదా గుండ్రటి కాఫీ మచ్చ ఉండేది. మచ్చ లేని ప్రూఫు వెళితే కంపోజింగ్ ఆయన "ఇది అక్క చూళ్ళేదు" అని తిప్పి పంపేసేవాడు. మానేశాక ఆయన ఇబ్బంది పడకూడదని కొన్నాళ్ళు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పంపింది.

మొదటి వారం ఆవిడ తలనొప్పిని ఆవిడకంటే ప్రెస్సే ఎక్కువ భరించింది. నుదుటికి తువ్వాలు బిగించుకుని, పొరపాటున ఎవరైనా "బాగున్నారా" అని పలకరిస్తే "ఆ వాక్యంలో కర్త ఎవరు?" అని కసిరేది. అదే వారంలో యజమానిగారి కరపత్రం ప్రూఫుకి వచ్చింది.

"మా కార్మికులే మా బలం ఆశ్చర్యార్థకం" చదివాడు గొంతయ్య.

"ఏ గుర్తన్నావు?"

"ఆశ్చర్యార్థకం అక్కా."

"ఎవరికి ఆశ్చర్యం?" అంటూ అది కొట్టేసి ప్రశ్నార్థకం పెట్టింది. "ఇప్పుడు చదువు."

చదివాడు. ఇదే బాగుందనిపించింది. అలా అనిపించినందుకు భయమేసింది.

"అక్కా, యజమానిగారు చూస్తే..."

"కాఫీ లేక కళ్ళు మసకబారాయట అని చెప్పు."

అసలెందుకు మానేశావంటే మనిషికో కారణం చెప్పేది. కంపోజింగ్ ఆయనకి గుండెదడ అంది. గేటు దగ్గర వాచ్‌మన్‌కి నిద్రపట్టడం లేదని చెప్పింది. గొంతయ్య అడిగితే, "కాఫీ గింజలు కోసేవాళ్ళకి కాఫీ తాగే తీరికుండదట తమ్ముడూ. వాళ్ళకి లేనిది నాకెందుకు?" అంది.

"ఇందులో నిజమేదక్కా?"

"నీకేది నచ్చింది?"

"అన్నీ బాగానే ఉన్నాయి."

"అయితే మధ్యలో కామాలు పెట్టుకుని అన్నీ ఉంచుకో."

నెల రోజులు ఓపిక పట్టాడు మేనేజరు. ఒకరోజు పదకొండూ అయిదుకి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఇది?"

"కాఫీ విరామం."

"కాఫీ ఏది?"

"మానేశాను."

"మరి విరామం?"

"అది మానమని డాక్టరు చెప్పలేదు."

"కాఫీ తాగనివాళ్ళకి కాఫీ విరామం ఎందుకమ్మా?"

"తలనొప్పి రానివాళ్ళకి తలెందుకండీ?"

గాజు తలుపు వెనక పద్నాలుగు జతల చేతులు ఒక్క క్షణం నెమ్మదించాయి. మేనేజరు అది చూశాడు. అసలు చిక్కెక్కడుందో ఆయనకప్పుడు బోధపడింది. గొంతు తగ్గించాడు.

"మీరు పెద్దవారు, మిమ్మల్నేమీ అనలేను. కానీ మిమ్మల్ని చూసి వాళ్ళు కూడా ఉత్త కప్పులు పట్టుకుని కూర్చుంటే?"

"కప్పులు కూడా మీరివ్వక్కర్లేదు. ఇంటినుంచి తెచ్చుకుంటారు."

"రూలంటూ ఒకటుంది కదమ్మా!"

"ఎక్కడుంది? రాసి గోడకంటించండి. చదువు వచ్చినవాళ్ళమే, చదువుకుంటాం."

"రాస్తాను. ఇవాళే రాస్తాను!"

మేనేజరు రాతకి ఒక పద్ధతుంది. చుక్క పెట్టడు, కామా పెట్టడు. "గుర్తులు పెట్టడం ప్రూఫ్ గది పని, నాకంత తీరిక లేదు" అనేవాడు. విరామం లేకుండా రాసేవాడు, విరామం లేకుండా పనిచేయించేవాడు. మరి ఆ ప్రెస్సులో గోడకెక్కే ఏ కాగితమైనా ముందు ప్రూఫ్ గది గడప తొక్కాల్సిందే. స్నానాల గది తలుపు మీద 'నీళ్ళు పొదుపుగా వాడండి' అన్న చీటీ కూడా అలా వచ్చిందే.

మధ్యాహ్నానికల్లా నోటీసు వచ్చింది. గొంతయ్య ముందు మనసులో చదువుకున్నాడు.

పదకొండు గంటలకు విరామం ఉండును కాఫీ తాగేవారికి మాత్రమే ఇవ్వబడును

ఇది గోడకెక్కితే అక్క పావుగంట ఇవాళ్టితో సరి. ఎప్పటికైనా భార్యకి దొరక్కపోతుందా అనుకుంటున్న పావుగంటకి కూడా తాళం పడిపోతుంది.

"చదువు తమ్ముడూ."

ఒక్క ఊపిరిలో చదివేశాడు.

"ఉండును తర్వాత ఏముంది?"

"ఏమీ లేదక్కా."

"ఏముండాలి?"

"ఉన్నది చదవడమే కదక్కా నా పని."

"ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నదే చదువుతున్నావు. ఒక్కసారి లేనిది చదవరాదూ?"

గొంతయ్య తలెత్తాడు. గాజు తలుపు అవతల భార్య కుడికాలి మీది బరువు ఎడమకాలి మీదికి మార్చుకుంది. కాసేపాగి మళ్ళీ కుడికాలికి మార్చుకుంది. చేతులు మాత్రం మడుస్తూనే ఉన్నాయి.

"ఫుల్‌స్టాప్" అన్నాడు గొంతయ్య.

"ఎక్కడ?"

"ఉండును తర్వాత. అక్కడ వాక్యం అయిపోయింది."

"సరే. తర్వాత?"

"కాఫీ... కామా."

"ఎవరు పెట్టమన్నారు?"

"నేనేనక్కా" అన్నాడు. ఆ గొంతు ఎవరిదా అని ఆయనే అటూ ఇటూ చూసుకున్నాడు.

ఎర్ర పెన్ను రెండుచోట్ల ఆనింది. అక్షరం మారలేదు, ఒత్తు కదల్లేదు. సాయంత్రం మేనేజరు ఎవరితోనో ఫోన్లో పోట్లాడుతూ, కాగితం వైపు చూడకుండానే 'సరిచూసితిని' అన్నచోట సంతకం గిలికేశాడు. మర్నాడు పొద్దున మడతల గది పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో నోటీసు వెలిసింది.

పదకొండు గంటలకు విరామం ఉండును. కాఫీ, తాగేవారికి మాత్రమే ఇవ్వబడును.

పదకొండు కొట్టింది. గాజు తలుపు తెరుచుకుంది. పద్నాలుగు మందీ బయటికొచ్చారు. నలుగురు బల్ల మీద, ఆరుగురు మెట్ల మీద, మిగతావాళ్ళు కాగితం కట్టల మీద సర్దుకున్నారు. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు లేచిరమ్మన్నారు మిమ్మల్ని?"

"లేవలేదు సారూ, కూర్చున్నాం" అంది గొంతయ్య భార్య.

"కాఫీ తాగేవాళ్ళకి మాత్రమే అని రాశాను కదా!"

"అవునండీ, కాఫీ తాగేవాళ్ళకి మాత్రమే కాఫీ అన్నారు" అంది కామాక్కయ్య. "తాగనివాళ్ళకి పోస్తే దండగే కదా. మంచి రూలు పెట్టారు."

మేనేజరు తన చిత్తుప్రతి తెప్పించుకున్నాడు. గోడ ముందు నిలబడి, ఒకటో తరగతి పిల్లాడిలా వేలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరమే పోల్చుకున్నాడు.

"ఏదైనా అక్షరం మారిందా?"

"మారలేదు... కానీ ఇక్కడ చుక్క..."

"గుర్తులు మా గది పనని మీరే అన్నారు. దిగువన సంతకం కూడా మీదే."

చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవడం కంటే అచ్చాఫీసులో మరో సిగ్గుచేటు లేదు. ఈ ముక్క యజమాని చెవిన పడితే ఏమవుతుందో మేనేజరుకి తెలుసు. మొహం కందగడ్డ చేసుకున్నాడు.

"రేపే ఇంకో నోటీసు వేస్తాను!"

"వెయ్యండి. ప్రూఫు నా దగ్గరికే రావాలిగా."

మేనేజరు విసవిసా లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. గొంతయ్య భార్య కాళ్ళు బారజాపుకుంది. ఆయన పక్కన చతికిలబడి, "మన అదృష్టం. అక్క అనుకోకుండా కాఫీ మానెయ్యబట్టి గానీ..." అన్నాడు.

"అనుకోకుండానా? పిచ్చి మారాజా!" అంది భార్య. "నెలక్రితం ఒకరోజు కాళ్ళు లాగేస్తుంటే కట్ట మీద కూలబడ్డాను. కాఫీ తాగనివాళ్ళకి విరామమేంటి, లే అన్నాడు మేనేజరు. సరిగ్గా అప్పుడే వదిన నిండు కప్పుతో అటు వెళ్తోంది. వెళ్ళి ఆ కప్పు సింకులో వంపేసింది. మర్నాటి నుంచి ఇదే వరస. మేం కూర్చుంటే రేపు రావద్దంటారు, ఆవిణ్ణి అనలేరు కదా. కాఫీ తాగకుండా కూర్చున్న మనిషి ఒక్కరుంటే, తర్వాత మాకు దారి పడుతుందని. మా గదిలో అందరికీ తెలుసు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వా రోజు ప్రూఫంతా తప్పులు చదివేవాడివి."

గొంతయ్య లేచి వరండా ఆ చివరికి వెళ్ళి, ఆఫీసువాళ్ళ కోసం కాఫీ పోసి ఉంచే పెద్ద ఫ్లాస్కు లోంచి కప్పు నిండా కాఫీ పట్టుకొచ్చాడు. రెండు చేతుల్తో కామాక్కయ్యకి అందించాడు.

"ఇంక తాగక్కా."

ఆవిడ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పద్నాలుగు మందీ ఆవిడ వైపే చూస్తున్నారు. ఎంతసేపటికీ పెదవికి ఆనించదు.

"వద్దురా తమ్ముడూ" అంది చివరికి. "నోటికొచ్చిన అబద్ధాలాడాను, ఒక్కొక్కటే నిజమై కూర్చున్నాయి. దడ పోయింది. పడుకుంటే తెల్లారిపోతోంది. ఇప్పుడీ ముదనష్టపుది మళ్ళీ మొదలెడితే నన్ను నేనే క్షమించను."

"మరిదెవరు తాగాలక్కా?"

"ఇటివ్వు" అని గొంతయ్య భార్య కప్పందుకుంది. ఒక గుక్క తాగి, పక్కావిడకి అందించింది. ఆవిడ ఇంకొకావిడకి. కప్పు మెట్ల దాకా కూడా వెళ్ళకుండానే అయిపోయింది.

ఈలోగా తల పగిలిపోతోందని కాఫీ కోసం మేనేజరు బయటికొచ్చాడు. చూస్తే ఫ్లాస్కు ముందు మడతల గది ఆడవాళ్ళు వరస కట్టి ఉన్నారు.

"ఇదేంటి? మీరెవరూ కాఫీ తాగరు కదా!"

"తాగం అని ఎవరన్నారు సారూ?" అంది గొంతయ్య భార్య. "ఇన్నేళ్ళూ మీరివ్వలేదు, అంతే. మమ్మల్ని ఒక్కరోజైనా అడిగారా?" గోడ వైపు చూపించింది. "తాగేవారికి ఇవ్వబడును అని మీరే రాశారు. మేం తాగేవాళ్ళం."

మేనేజరు నోటీసు వైపు చూశాడు. ఫ్లాస్కు వైపు చూశాడు. పద్నాలుగు మంది వైపు చూశాడు. రేపటి నుంచి ఎంత పెద్ద ఫ్లాస్కు కావాలో లెక్క వేసుకుంటున్నట్టున్నాడు, పెదవులు కదులుతున్నాయి.

"ఒక్క సంగతి సారూ" అంది ఆవిడ, కప్పు ముందుకి చాపుతూ. "మాలో ముగ్గురికి చక్కెర వద్దు."