పై వాటా చూడ్డానికి వచ్చినవాళ్ళు

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. రేపల్లెలో కొన్నాళ్ళు, తర్వాత తెనాలిలో, ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పాను. గాలి సోకిందని ఎవరైనా పిల్లని స్టాఫ్ రూముకి తీసుకొస్తే, పొద్దున్న ఏం తిన్నావని అడిగేదాన్ని. చాలాసార్లు ఏమీ తిని ఉండేది కాదు. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా అలాగే ఏదో ఒక కారణంతో సర్దేయాలని చూశాను. కుదరలేదు.

మా ఇల్లు తెనాలిలో. కింద మేముండేవాళ్ళం, పైన రెండు గదుల వాటా అద్దెకిచ్చేవాళ్ళం. అద్దెకి వచ్చేవాళ్ళతో మాట్లాడే పని ఎప్పుడూ మావారిదే. ఆయన కాలువల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. వచ్చినవాళ్ళని కింద కూర్చోబెట్టేవారు కాదు. నేరుగా పైకి తీసుకెళ్ళి, వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగేవారు. ఏం ఉద్యోగం, ఎంతమంది ఉంటారు, చుట్టాల రాకపోకలు ఎక్కువా, మాంసం వండుతారా, చివరికి "ఇంతకీ మీరేవిట్లండీ?" అని కులం. నచ్చని జవాబు వస్తే గొంతు మార్చకుండా, "మా బంధువులకి మాటిచ్చేశామండి, ఏమీ అనుకోకండి" అనేవారు. మాకు అలాంటి బంధువులెవరూ లేరు.

ఆయన సొంత ప్రశ్న ఇంకొకటుండేది. "మీ పాత ఇంటివాళ్ళకి ఫోన్ చేస్తే మీ గురించి ఏం చెబుతారు?" అని అడిగి వాళ్ళ ముఖం చూసేవారు. ఫోన్ మాత్రం ఎవరికీ చేసేవారు కాదు.

ముస్లింలకీ, మగదిక్కు లేని ఆడవాళ్ళకీ, కొన్ని కులాలవాళ్ళకీ మా ఇల్లు దొరికేది కాదు. నేను కింద కూరలు తరుక్కుంటూ ఇదంతా వినేదాన్ని. తప్పని తెలుసు. ఒక్కసారీ అడ్డు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనం చేసి లేస్తూ పడిపోయారు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. కర్మకాండలు ముగిశాక అందరూ వెళ్ళిపోయారు. నాకు ఏడుపు రాలేదు. ఆకలి తెలిసేది కాదు. పాలు పొంగి స్టవ్వు మీద పడుతుంటే చూస్తూ నిలబడేదాన్ని. కట్టేయాలని తోచేది కాదు.

మూడో నెలలో పైన ఉన్నవాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోయారు. మా ఆడపడుచు బాపట్ల నుంచి వచ్చి గేటుకి టు-లెట్ బోర్డు కట్టింది. "ఒక్కదానివే ఉండొద్దు వదినా, ఎవరినో ఒకరిని పెట్టుకో" అని చెప్పి వెళ్ళింది.

నాకు ఎవరినీ ఏమీ అడిగే ఓపిక లేదు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని, పైన తలుపు తీసే ఉంది, వెళ్ళి చూసుకోండి అనేదాన్ని. మెట్లు ఆ కుర్చీ పక్కనుంచే. పైకి వేరే దారి లేదు.

మొదట ఒక బ్యాంకు ఉద్యోగి, అతని భార్య వచ్చారు. పావుగంటకి దిగారు. "సార్ అన్నీ వివరంగా అడిగారండి. ఇంట్లో మాట్లాడుకుని చెబుతాం" అన్నాడతను. ఏ సార్ అని అడగాలనిపించలేదు. తలూపాను. వాళ్ళు వెళ్ళిన గంటకి ఆ మాట బుర్రకెక్కి, పైకి వెళ్ళి చూశాను. ఖాళీ గదులు. కిటికీలన్నీ లోపల గడియ వేసి ఉన్నాయి. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేయలేదు.

వారం తర్వాత కాలేజీ లెక్చరర్ ఒకాయన వచ్చాడు. ఐదు నిమిషాల్లో ముఖం ఎర్రగా చేసుకుని దిగాడు.

"బంధువులకి మాటిచ్చేసినప్పుడు బోర్డెందుకండీ కట్టారు?"

"ఎవరు చెప్పారు మీకు?"

"పైన పెద్దాయనేనండి, ఇంకెవరు?"

ఎలా ఉన్నారాయన అని అడిగేలోపే బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. నాకు భయం వేయాలి. వేయలేదు. పప్పులో ఉప్పు వేశానా లేదా అని ఆలోచించినట్టు కాసేపు ఆలోచించి ఊరుకున్నాను.

ఆ తర్వాత వచ్చింది షమీమ్. రేపల్లెలో బట్టలు కుడుతుంది, నలభై దాటి ఉంటాయి. భర్త లేడు. కూతురు తెనాలిలో డిగ్రీలో చేరిందని ఇక్కడికి మారాలనుకుంటోంది. గేటు దగ్గరే నిలబడింది.

"అమ్మా, ముందే చెబుతున్నానండి, మేం ముస్లిమ్స్. వద్దనుకుంటే ఇక్కణ్ణుంచే వెళ్ళిపోతాను. పైదాకా ఎక్కించి వద్దనకండి."

అప్పటికి ఏడిళ్ళు తిరిగిందట. "చూసి రామ్మా" అన్నాను. ఫోన్లో చార్జింగ్ లేదంటే తీసుకుని హాల్లో పెట్టాను.

ఆమె ఎక్కిన కాసేపటికి నేనూ లేచాను. సగం మెట్లెక్కి ఆగాను. పైన షమీమ్ మాట్లాడుతోంది. ఆమె గొంతు ఒక్కటే వినిపిస్తోంది.

"లేదండి, మేమిద్దరమేనండి."

కాసేపు ఏమీ లేదు.

"ఆయన పోయి నాలుగేళ్ళయిందండి."

మళ్ళీ ఏమీ లేదు.

"ఏం చెబుతారండీ... కుట్టుమిషను చప్పుడెక్కువ అంటారేమో. అది నిజమేనండి."

ఎదురింట్లో కుక్కరు మూడు విజిళ్ళు వేసింది. ఆ తర్వాత మెల్లగా, "అలాగేనండి. తప్పకుండా చూస్తాను" అంది.

ఇంకో నాలుగు మెట్లు ఎక్కితే గది కనిపించేది. ఎక్కలేదు. కాళ్ళు ఆడలేదంటే అబద్ధం. ఎక్కి చూస్తే అక్కడ ఎవరూ లేకపోతే ఎలా అనిపించింది. దిగివచ్చి కుర్చీలో కూర్చున్నాను.

"సార్ సరేనన్నారమ్మా" అంది షమీమ్ దిగి. తను నమ్మలేకపోతున్నట్టుంది.

"ఏదో చూస్తానన్నావు. ఏంటది?"

"కింద ఆవిడ ఒక్కతే ఉంటుంది, పొద్దున తలుపు తీయడం ఆలస్యమైతే తట్టి చూస్తావా అని అడిగారండి. ఆ తర్వాత ఇంకేం అడగలేదు. మేమేం తింటామో కూడా అడగలేదండి."

తాళంచెవి ఇచ్చేశాను. ఆధార్ కాపీ కూడా తీసుకోలేదు. ఆమె ఫోన్ నేనే తెచ్చిచ్చాను. హాల్లో గోడకి ఆయన ఫోటో ఉంది, దండ వేసి. ఆమెని లోపలికి రానివ్వలేదు. చూసి భయపడి ఇల్లు వద్దంటుందని కాదు. ఈయన కాదండీ అంటుందేమోనని.

అద్దెకి దిగిన నాలుగో రోజున చక్కెర కోసం షమీమ్ హాల్లోకి వచ్చింది. ఫోటో చూసింది. అక్కడే నిలబడిపోయింది. ఈయనేనా అని నేనడగలేదు. ఆమె చెప్పలేదు. కొంగు తల మీదికి లాక్కుని నా పక్కన నేల మీద కూర్చుంది. కాసేపయ్యాక లేచి టీ పెట్టాను. ఇద్దరం తాగాం.

ఇది జరిగి ఏడాది దాటింది. షమీమ్ ఇప్పటికీ పైనే ఉంటోంది. పైన ఇంకెవరూ ఎవరికీ కనిపించలేదు. ఆ రోజు గురించి మేమిద్దరం ఒక్కసారీ మాట్లాడుకోలేదు.

పక్కింటి డాబా మీదనుంచి ఎవరైనా దిగారా అనుకుందామంటే, అటుపక్క రేకుల షెడ్డు. షమీమ్ కల్పించి చెప్పిందా అంటే, ఆ లెక్చరర్ ఎవరో ఆమెకి తెలియదు. మావారు అడిగే ప్రశ్నలూ తెలియవు. అదంతా నేనే ఊహించుకున్నానా అని కూడా నన్ను నేను అడిగాను. అయితే నాచేత తాళంచెవి ఎవరు ఇప్పించినట్టు?

ఇవన్నీ పక్కన పెట్టినా ఒకటి మిగిలిపోతుంది. బతికుండగా ఆయన షమీమ్‌ని గేటు దాటనిచ్చేవారు కాదు. ముప్పై మూడేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తెలుసు. చనిపోయిన మనిషి మాట్లాడగలడా అని ఎవరైనా అడిగితే, లేదనే చెబుతాను, ఇప్పటికీ. కానీ ఆ మనిషి మనసు ఎప్పుడు మారింది, ఎక్కడ మారింది అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.