నలభై మూడు మేకులు

ఈ ఏప్రిల్ చివర్లో మైపాడులో మా చుట్టాలింట్లో కృతజ్ఞత ప్రార్థన కూడికకు వెళ్లాను. భోజనాల దగ్గర ఒకమ్మాయి చేతులు కడుక్కోవడానికి పెట్టిన చెంబులోని నీళ్లను, తాగేవి అనుకుని ఒక గుక్క మింగాను. గొంతు దిగుతుంటేనే ఉప్పు తెలిసింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ ఉప్పు నాలుక మీద ఉన్నంతసేపూ నా మనసులో ఖాజాబీ అక్కే ఉంది. ఆమె పోయి ఆరేళ్లు దాటింది.

నెల్లూరులో మా వీధిలో, మా ఇంటికి ఎదురుగా ఆమె అద్దెకు ఉండేది. కుట్టుమిషన్ వాకిట్లో వేసుకుని జాకెట్లు కుట్టేది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నేను పుట్టింటి నుంచి నేరుగా అత్తగారి పెంకుటింటికి వచ్చిన మనిషిని, ఒక్కరోజైనా అద్దెకు ఉండి ఎరగను. ఆమె అప్పటికి పదకొండు ఇళ్లు మారింది. ఒకసారి ఆ ఇళ్లన్నింటికీ ఆమె కట్టిన అద్దె ఎంతవుతుందో నేను కూడి చూపించాను. ఆమె కాగితం వైపు చూడకుండానే, "ఈ లెక్క ముప్పై ఏళ్ల కిందట చెప్పి ఉండగూడదా మే? ఇప్పుడు చెప్తే కడుపుమంటే గదా" అంటూ దారం కొరికింది.

బుచ్చిరెడ్డిపాలెంలో నేను గుమాస్తాగా పనిచేసిన బియ్యం మిల్లు 2011లో చేతులు మారింది. ముప్పై రెండేళ్ల పని ఆగిపోయింది. మిల్లు వాళ్లు ఇచ్చింది, చీటీ పాడుకున్నది కలిపి నా దగ్గరున్నది ఐదు లక్షల ముప్పై ఎనిమిది వేలు. పింఛను లేదు, పిల్లలు లేరు, ఆయన పోయి అప్పటికే తొమ్మిదేళ్లు. ఆ డబ్బుతో ఒక చిన్న ఇల్లు కొని అద్దెకిస్తే, ఆ అద్దెతోనే మిగతా బతుకు గడవాలి. మరొకసారి సంపాదించే వయసు కాదు, తప్పు చేస్తే దిద్దుకునే వీలు లేదు.

ఆ డిసెంబరులో మైపాడు రోడ్డులో ఒక ఇల్లు చూశాను. రెండు వాటాలు, మొజాయిక్ గచ్చు, ఐదు లక్షల పదివేలు. వానలు వెలిసిన వారం అది. బావిలో నీళ్లు చేతికందేలా ఉన్నాయి, తాగితే తియ్యగా ఉన్నాయి. టేపుతో ప్రతి గదీ కొలిచాను. రిపేర్లన్నీ ఒక కాగితం మీద రాశాను. గోడలకున్న మేకులు పీకించి, బెజ్జాలు పూడ్చి, సున్నం వేయించడానికి రెండు వాటాలకూ పద్నాలుగు వందలు అని కూడా రాశాను. నెలకు మూడు వేలు అద్దె, ఏడాదికి ముప్పై ఆరు వేలు. నాకు ఎక్కడా లోటు కనిపించలేదు. అడ్వాన్సు ఇవ్వబోయే రోజున తోడు రమ్మని అక్కను పిలిచాను.

ఆమె గచ్చు చూడలేదు, కప్పు చూడలేదు. ముందు వాటాలో కాపురమున్న అమ్మాయిని అడిగి లోపలికి వెళ్లి, గోడ ముందు నిలబడింది. అరచేయి గోడ మీద పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయింది.

"మేరీ, నువ్వు లెక్కల మనిషివి గదా. ఈ మేకులు లెక్కబెట్టు."

నలభై మూడు ఉన్నాయి. ఇల్లు చూపిస్తున్న బ్రోకరు నవ్వి, "మేకులదేముందమ్మా, నేనే పీకిస్తా. రేపు ఇంకో పార్టీ వస్తా ఉండారు, తొందరగా తేల్చుకోండి" అన్నాడు.

అక్క అతన్ని పట్టించుకోలేదు. "ఇల్లు కట్టి ఏడేళ్లంటివి. ఒక సంసారానికి ఎన్ని మేకులు కావాల? క్యాలెండరుకొకటి, అద్దానికొకటి, చొక్కాలకు రెండు. ఒకరు కొట్టింది ఇంకొకరికి ఎత్తు చాలదు, మళ్లీ కొట్టుకుంటారు. ఎంతమంది వచ్చి పోయినారో గోడే చెప్తా ఉండాది." తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగింది. "ఎప్పుడు దిగినారమ్మా?"

"ఆగస్టులో."

"ఎండాకాలం ఉంటారా?"

ఆ అమ్మాయి బ్రోకరు వైపు చూసి గొంతు తగ్గించింది. "మార్చి దాటితే బావినీళ్లు ఉప్పు తేలతాయంట పెద్దమ్మా. పప్పు ఉడకదంట, తలకు సబ్బు నురగ రాదంట. పక్కింటామె చెప్పింది. ఆ లోపల వేరే ఇల్లు చూసుకోవాల."

అడ్వాన్సుగా తెచ్చిన యాభై వేలు సంచిలోనే ఉన్నాయి. ఆ మేకులను నేనూ చూశాను, చూసి ఖర్చు కింద రాసుకున్నాను. అవి వెళ్లిపోయినవాళ్ల గుర్తులని నాకు తట్టలేదు. ఏటా నాలుగు నెలలు ఖాళీగా ఉండే ఇంటికి పన్నెండు నెలల అద్దె వేసి చూసుకున్నాను.

అయినా తిరిగొచ్చే బస్సులో ఆమె మీదే విసుక్కున్నాను. ఆమె చెప్పిన మరో ఇల్లు బుచ్చి రోడ్డులో కాలవ దాటాక ఉంది. రేకుల కప్పు, ఒకటే వాటా, అద్దె రెండువేల రెండు వందలు. "ఏడాదికి తొమ్మిది వేల ఆరు వందలు తక్కువ అక్కా" అన్నాను. "తక్కువే. ఆడ ఉండేవాళ్లు తొమ్మిదేళ్ల నించి కదల్లేదు. నీకు పెద్ద అంకె కావాల్నా, నెలనెలా కూడు కావాల్నా?" అంది. పక్క సీట్లో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నాలుగు లక్షల అరవై వేలకు ఆ రేకుల ఇల్లే కొన్నాను. 2012 ఫిబ్రవరి 9న రిజిస్ట్రేషను అయింది. ఒక స్కూలు అటెండరు, ఆయన భార్య రవణమ్మ అందులో ఉంటున్నారు. వాళ్లనే ఉండమన్నాను.

మొదటి నెల అద్దె తీసుకోవడానికి అక్కతో కలిసి వెళ్లాను. సొంత ఇల్లన్న సంతోషంలో గేటు తోసుకుని, వరండా దాటి, నేరుగా వంటింట్లోకి నడిచాను. కప్పు కారుతోందేమో చూడాలని నా ఆత్రం. రవణమ్మ కింద కూర్చుని అన్నం తింటోంది. నన్ను చూసి ఎంగిలి చేత్తోనే గబుక్కున లేచి, పైట సర్దుకుని, కంచం గోడ వారకు తోసేసింది. "తిను, తిను" అన్నాను గానీ ఆమె మళ్లీ కూర్చోలేదు. నేను రేకులన్నీ చూసి, డబ్బు లెక్కపెట్టుకుని బయటికి వచ్చేసరికి అక్క గేటు అవతలే నిలబడి ఉంది.

"లోపలికి రాలేదేం?" అన్నాను.

ఆమె ముందుకు నడిచింది. కాలవ వంతెన మీదికి వచ్చాక అంది: "పదకొండు ఇండ్లలో ఉన్నా మేరీ. ఓనరమ్మ చెప్పుల సద్దు వింటే నోట్లో ముద్ద దిగేది గాదు. బాకీ ఉండి గాదు మే, ఒక్క నెల బాకీ పడలా. ఆ యమ్మ లోపలికొస్తే, నేను కూచున్న చోటు నాది గాదని తెలిసేది. ఇల్లు నీదే, కాదన్నదెవరు? అద్దె తీసుకున్నాక ఆ నెల వాళ్లది."

కసురుకుని ఉంటే ఏదో ఒకటి బదులు చెప్పేదాన్ని. ఆమె నా వైపు చూడకుండా, నీళ్ల వైపు చూస్తూ చెప్పింది.

ఖాజాబీ అక్క 2019లో, పన్నెండో అద్దె ఇంట్లో పోయింది. మొదటి ఏడాది నా ఇల్లు ఒక్క నెలైనా ఖాళీగా లేదు, ఆ తర్వాతా లేదు. రవణమ్మ వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ప్రతి నెలా ఐదో తేదీన వెళ్తాను. గేటు బయట నిలబడి "రవణమ్మా" అని పిలుస్తాను. "మీ ఇంటికి మీరు పిలవాల్నా అమ్మా" అని ఆమె ప్రతిసారీ అంటుంది. పోయిన నెల వెళ్లినప్పుడు ఆమె స్నానంలో ఉన్నట్టుంది, పలకలేదు. నాకిప్పుడు డెబ్బై ఒకటి, మోకాళ్లు నొప్పి. గేటుకు గడియ వేసి లేదు. పదమూడు నిమిషాలు ఎండలో నిలబడ్డాను.