లండన్ ఆదెప్ప ఓటు

ఆదినారాయణప్ప లండన్‌లో ఒక్క రోజు కూడా కాపురం ఉండలేదు. ఉన్నది కొవెంట్రీలో, నలభై అయిదేళ్ళు, కార్ల కార్ఖానాలో ఫిట్టరుగా. ఆ మాట కన్నడ రాష్ట్రంలోని తన సొంతూరు చింతామణిలో ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇంగ్లండంటే లండనే, అంతే! లండన్ ఆదెప్ప అని పేరు పెట్టేశారు. చెప్పీ చెప్పీ విసిగిపోయి ఆయనా ఊరుకున్నాడు.

ఇరవై ఏళ్ళ వయసులో ఓడ ఎక్కిన మనిషి, అరవై అయిదో ఏట పెన్షన్ తీసుకుని భార్య లక్ష్మీదేవమ్మతో తిరిగొచ్చాడు. రావాలని పట్టుబట్టింది ఆయనే. ఆమెకు అక్కడ కూతురు ఆశా ఉంది, మనవరాలు ఉంది, నడుం నొప్పికి మందిచ్చే డాక్టరమ్మ ఉంది. ఈయన మాత్రం "మా ఊర్లో నాలుగు దినాలుండి చావల్ల" అని రోజూ నస. ఆ నస భరించలేక బయల్దేరింది పాపం. వచ్చి చూస్తే కొళాయి నీళ్ళు వారానికొకసారి. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో దానికే తెలియాలి. ఆమె బిందెలు నింపుకుంటూ గొణుక్కుంటుంటే ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు.

పొద్దున్నే బస్టాండు పక్క హోటల్లో ఆదెప్ప కొలువు తీరేది. ఒక చేతిలో కాఫీ లోటా, రెండో చెయ్యి గాల్లో. రెండు దేశాల ప్రభుత్వాలకూ అక్కడే చీవాట్లు. అక్కడి ప్రభుత్వం మీద కోపం పెన్షన్ గురించి. ఆ దేశంలోనే ఉంటే ఏటేటా పెంచుతారు, ఇండియాకు వచ్చి పడితే పెంచరు. "అమెరికాలో ఉండేటోనికి పెంచుతారంట, నాకు పెంచరంట. నేనేమన్నా దొంగతనం చేసి వచ్చినానా?" అని బల్ల గుద్దేవాడు. ఇక్కడి ప్రభుత్వం మీద కోపం నీళ్ళ గురించి. కోలారు నుంచి చీల్చి చిక్కబళ్ళాపురం జిల్లా చేశారు, బోర్డులన్నీ మార్చారు, మరి నీళ్ళేవి? బోరు వెయ్యి అడుగులు దించినా దుమ్మే వస్తోందే, ఓట్లడగడానికి వచ్చే పెద్దమనుషులు ఆ దుమ్ము తాగుతారా? మాట కటువే గానీ మనిషి మంచివాడు. వీధిలో ఎవరింట్లో మోటరు చెడినా స్పానరు పట్టుకుని పిలవకుండానే వెళ్ళేవాడు. అలాంటివాడు ఊరి సంగతుల్లో నోరు చేసుకుంటే తప్పేముంది?

2008 ఎండాకాలం విధానసభ ఎన్నికలొచ్చాయి. ఆయనతో చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చుని చదివిన మునిశామప్ప మేష్ట్రు ఒక రోజు కాఫీ తాగుతూ మామూలుగానే అడిగాడు.

"ఇంత మాట్లాడతావు గదా ఆదెప్పా, నీ ఓటు యాడుండాది?"

ఆ ప్రశ్న ఆయనకు సూటిగా తగిలింది. పుట్టిన గడ్డ మీద ఆయన ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. ఆ కాలంలో ఓటుకు ఇరవై ఒక్కేళ్ళు నిండాలి, ఈయన ఏడాది ముందే ఓడ ఎక్కేశాడు. కొవెంట్రీలో మాత్రం ఒక్క ఎన్నిక వదల్లేదు. అయినా వేసి వచ్చిన ప్రతిసారీ పక్కింటివాళ్ళ పెళ్ళిలో వడ్డించి వచ్చినట్టుండేది. ఈ ఒక్క ఓటు వేయకుండా పోతే తాను తిరిగొచ్చిందే దండగ అనిపించింది.

మరునాడు ఒక పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఈయనలాగా విదేశీ పాస్‌పోర్టు తీసుకున్న మనవాళ్ళకు మన ప్రభుత్వం కొత్తగా ఇస్తున్న పుస్తకం అది. అట్ట మీద 'ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా' అని బంగారు అక్షరాలు మెరుస్తున్నాయి.

"సిటిజన్ అంటే ఏమి మేష్ట్రా? నువ్వే చెప్పు."

మునిశామప్ప కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. "సిటిజన్ అంటే సిటిజనే" అని ఒప్పుకున్నాడు. హోటలంతా ఒప్పుకుంది. లోపలి పేజీ తిప్పి చూద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ఓటర్ల పట్టీలో పేరెక్కించడానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ తాలూకా ఆఫీసుకు వెళ్ళారు. లక్ష్మీదేవమ్మ పట్టుచీర కట్టింది. ఆమెది బాగేపల్లి వైపు పల్లె. బడికి పోయింది మూడేళ్ళే, ఇంట్లో అంతా తెలుగే. సంతలో కూరగాయలు కొనేపాటి కన్నడం వచ్చేది, కొవెంట్రీలో అదీ కాస్త అరిగిపోయింది. ఆఫీసులో గుమాస్తా హావేరి నుంచి బదిలీ మీద వచ్చిన కుర్రవాడు. తెలుగు రాదు. పుస్తకం అటూ ఇటూ తిప్పి, లోపలి పేజీ చదివి, మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు.

"నీవు భారతద నాగరికరల్ల, సార్."

ఆదెప్ప పుస్తకం వెనక్కి తీసుకుని ఆ లోపలి పేజీ చదవసాగాడు. లక్ష్మీదేవమ్మ మాత్రం ఊరుకోలేదు. 'నీవు' అనడం కన్నడంలో మర్యాదేనని ఆమెకు తెలుసు. తర్వాతి ముక్కే గుండెలో దిగింది.

"ఏమప్పా, ఎవుర్ని నాగరికం లేనోళ్ళంటాండావు?" అని కొంగు దోపింది. "నలభై ఏండ్లు తెల్లోళ్ళ మధ్య బతికినాం. ఒక దినం గూడా చీర లేకుండా వాకిలి దాటింది లేదు. మా ఇంటికొచ్చినోళ్ళు అన్నం తినకుండా పోయింది లేదు. మాకు నాగరికం తెల్దా? నీకు తెల్సునా?"

ఆఫీసులో తెలుగు తెలిసినవాళ్ళంతా పకపకా నవ్వారు. గుమాస్తా ఏమీ అర్థంకాక బిత్తరపోయాడు. ఆదెప్ప ఒక్కడికే నవ్వు రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"అతను తిట్టలేదు లచ్చుమీ. కన్నడంలో నాగరికులంటే సిటిజన్లు గూడా. మనం ఈ దేశం మనుషులం కాదంటాండాడు. ఆ పుస్తకం వచ్చేదానికి, ఉండేదానికేనంట. ఓటుకు పనికిరాదంట."

ఆమె పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంది. బిందెల దగ్గర రోజూ ఈ ఊరిని తిట్టుకున్న మనిషే, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుంది.

"ఆ పిల్లోడు మనల్ని నాగరికం లేనోళ్ళనే అనుంటే బాగుండు గదప్పా" అంది. "అదైతే నేను కొట్లాడి గెల్చేదాన్ని."