దొరలు తెరిచినవి, మూసినవి

మా పక్కింటి సారు పోయారు. సోమవారం పొద్దున మిర్యాలగూడ దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. నాకు రాయడం అంతగా చేతకాదు. అయినా నాలుగు మాటలు రాయకపోతే మనసు ఊరుకోవడం లేదు.

సూర్యాపేట బడిలో చరిత్ర పాఠాలు చెప్పి, రిటైరయ్యాక మా ఊరు వచ్చారు. మాడుగులపల్లి దగ్గర, కాలువ చిట్టచివరి ఊరు మాది. సాయంత్రం అరుగు మీద పల్లీలు ఒలుస్తూ నాకు పాత దొరల సంగతులు చెప్పేవారు. ఒలిచినవన్నీ నా వైపే తోసేవారు.

"యూరప్‌ల రోగమొచ్చి ఊళ్లకు ఊళ్లు సచ్చినయ్ తమ్మీ. దొరలు దూరం వోయి తలుపులేసుకున్నరు. బతికిన కూలోళ్లు కూలి ఎక్కువ అడిగితే, అడగొద్దని చట్టం చేసిండ్రు."

"మరి మన తూర్పు దిక్కు?"

"చైనాల కరువొస్తే గాదెలు తెరిసిండ్రు. మనకాడ చెరువులు తవ్విచ్చిండ్రు. ఢిల్లీల ఒక సుల్తాను మాత్రం కరువులనే పన్ను పెంచిండు. కష్టమొచ్చినప్పుడు పెద్దోడు ఏం తెరిసిండు, ఏం మూసిండు, గంతే సూడు."

సారు మనసు మాత్రం చెరువుల వైపే ఉండేది. ఎంతైనా మనవాళ్లు నయమని ఆయన నమ్మకం.

మొన్న యాసంగిలో, రెండో పంటకు, కాలువ నీళ్లు మా దాకా రాలేదు. పైన పెద్ద రైతులు కాలువలోకే మోటార్లు దించారు. పొట్టకొచ్చిన మా వరి ఎండుతోంది. ఒక్క తడి అందితే గట్టెక్కుతాం. సారు నన్ను వెంటబెట్టుకుని అందరికంటే పెద్ద రైతు ఇంటికి వెళ్లారు. అతను సారు దగ్గర చదువుకున్నవాడే.

"రెండ్రోజులు మోటార్లు ఆపు బిడ్డా. కిందోళ్లకు ఒక్క తడి పారుతది."

అతను నవ్వాడు. "రిటైరై ఏండ్లాయె, ఇంకా పాఠమే చెప్పవడ్తిరి సార్. చాయ్ తాగుండ్రి. నేనాపితే పక్కోడు ఆపుతడా?"

పక్కవాడి ఇంటికీ వెళ్లాం. అదే మాట. చాయ్ మాత్రం అందరూ ఇచ్చారు.

వరి పోయింది. మడిలోకి గొర్రెలను తోలాం. సారు గట్టు మీద కూర్చుని చూశారు.

"ఇన్నేండ్లు పిల్లలకు ఆ దేశం, ఈ దేశమని తేడా జెప్పిన తమ్మీ. ఏం తేడా లేదు."

ఆ తర్వాత నేను పిలిచినా సారు అరుగు మీదికి రాలేదు. అన్నం తగ్గించారు. మాట మానేశారు.

దవాఖాన నుంచి సారును ఇంటికి తెచ్చేసరికి బోర్లన్నీ ఎండి, స్నానానికి నీళ్లు లేవు. కబురందుకుని ఆ పెద్ద రైతే ట్యాంకరు పంపాడు, నిండుగా. సారుకు స్నానం చేయించాం. ఎన్ని బిందెలు పోసినా నీళ్లు తరగలేదు. చావింటి నీళ్లు వెనక్కి తీసుకుపోకూడదని డ్రైవరు పైపు వదిలేశాడు. అవి వీధంతా పారి, చివరనున్న మా మడిలోకి దిగాయి. గొర్రెలు మేయగా మిగిలిన కొయ్యకాళ్ల మధ్య కాసేపు మెరిసి, ఇంకిపోయాయి.